వెతికిన చోటే మళ్లీ వెతకాలి

డర్బన్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల్లో నాలుగో తరం, అయిదో తరం పిల్లలు ఒక ప్రశ్న పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు: మా ముత్తాత ఏ ఊరివాడు? ఇటు శ్రీకాకుళం, చిత్తూరు పల్లెల్లో దానికి జోడీ ప్రశ్న ఇంకా పెద్దల నోట వినిపిస్తుంది: ఓడెక్కి పోయిన చినతాత ఏమయ్యాడు? ఈ రెంటికీ జవాబు చాలాసార్లు ఒకే కాగితం మీద ఉంటుంది. వందేళ్లకు ముందెప్పుడో మద్రాసు రేవులో ఒక గుమాస్తా రాసిన ఓడ జాబితా అది. అలాంటి జాబితాల వివరాలు చాలావరకు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అయినా ఎక్కువమంది ఒక్కసారి పేరు కొట్టి చూసి, ఏమీ రాకపోతే "రికార్డుల్లో లేదట" అని ఇంట్లో చెప్పేసి ఊరుకుంటున్నారు. ఆ మాట ఇంట్లో ఒకసారి స్థిరపడిందంటే మళ్లీ ఎవరూ వెతకరు. కుటుంబ చరిత్రకు ఇంతకంటే పెద్ద నష్టం లేదని నా నమ్మకం.

ఎందుకంటే ఆన్‌లైన్ రికార్డు నిలకడగా ఉండదు. దాని సూచికను దిద్దుతారు, కొత్త పుటలు చేరుస్తారు, వెతికే పద్ధతి మారుస్తారు. ఒక్కోసారి మొత్తం సైటే మాయమవుతుంది. వెతికే మనిషి కూడా అదే మనిషిగా ఉండడు. నిరుడు తెలియని ముత్తవ్వ పేరు ఈ ఏడు ఒక పెళ్లి కాగితంలో తెలిసి ఉండవచ్చు. కాబట్టి "దొరకలేదు" అన్నది ఆ రోజుకు, ఆ సూచికకు, ఆ స్పెల్లింగుకు వచ్చిన జవాబు మాత్రమే. ఒకసారి చూసిన రికార్డు దగ్గరికి మళ్లీ ఎందుకు వెళ్లాలి, వెళ్లినప్పుడు ఏం చూడాలి అన్న ప్రశ్నను ఈ ఓడ జాబితాలను ముందు పెట్టుకుని పరిశీలిస్తే బాగా తెలుస్తుంది. తెలుగువారికి సంబంధించినంతవరకు పేరుపేరునా రాసిపెట్టిన రికార్డుల్లో ఇంత విస్తారమైనవి తక్కువ.

ముందు ఎక్కడెక్కడ ఏముందో చూద్దాం. దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు ఒప్పంద కూలీలతో వెళ్లిన మొదటి ఓడ ట్రూరో. మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు 1,52,184 మంది అక్కడికి వెళ్లారు. చెరకు తోటలు, బొగ్గు గనులు, రైలు మార్గాలు వాళ్ల చెమటతోనే నడిచాయి. వీరిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లు, అంటే ప్రధానంగా తమిళులు, తెలుగువాళ్లు. దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చారు. ఈ జాబితాలను కంప్యూటరుకెక్కించిన రూపం డర్బన్‌లోని క్వాజులు-నాటల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా అందరికీ అందింది. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్‌కు నారిస్ అనే ఆన్‌లైన్ సూచిక ఉంది. అందులో వలసదారుల రక్షణాధికారి కార్యాలయపు ఫైళ్లు, చనిపోయినవారి ఆస్తి ఫైళ్లు ఏ సంఖ్య కింద ఉన్నాయో తెలుస్తుంది. అది సూచికే. కాగితం చూడాలంటే ఆర్కైవ్స్‌ను అడగాలి.

మారిషస్‌ది ఇంకా పాత కథ. 1834 నుంచి దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ మెట్లెక్కారు. ఆ ఘాట్ 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫొటోలు కూడా వాటిలో ఉన్నాయి. తన ముత్తాత ముఖాన్ని చూసే అవకాశం ఉన్న కూలీ సంతతి ప్రపంచంలో చాలా కొద్ది. ఫిజీకి 1879 మే నెలలో లియొనిడాస్ ఓడతో మొదలై 1916 వరకు 60 వేలకు పైగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి అక్కడికి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ దారిన వెళ్లినవాళ్లు సుమారు 15 వేల మంది. ప్రతి ఒక్కరికీ ఒక వలస పాసు ఉండేది. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల ఒప్పంద కూలీల రికార్డులు 2011లోను, మారిషస్ రికార్డులు 2015లోను యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికకెక్కాయి.

బర్మా దగ్గరికి వచ్చేసరికి ఈ దారి మూసుకుపోతుంది. ఉత్తరాంధ్రలో "రంగం పోయాడు" అనని ఇల్లు ఒకప్పుడు తక్కువ. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్ మిల్లులకూ రేవుకూ పోయిన జనం నాటల్ వలస కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఆ వలస మేస్త్రీల చేతిలో నడిచింది. మేస్త్రీ బాకీ పుస్తకం రాసుకున్నాడే తప్ప సర్కారు ఒక్కొక్క మనిషికీ పాసు రాయలేదు. మలయా కంగాణీ వలసదీ దాదాపు ఇదే తీరు. రంగం పోయిన తాత కోసం వెతికేవాళ్లు ఓడ జాబితాల వెంట పడి కాలం వృథా చేసుకోకూడదు. వాళ్లకు ఇంట్లోని మనియార్డరు కాగితాలు, ఉత్తరాలు, భూమి పత్రాలే దిక్కు.

ఇక ఒక ఓడ జాబితాను దగ్గరగా చూద్దాం. అడ్డంగా ఒక వరుస ఒక మనిషి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుందో, కాలిన గాటు ఏ చేతి మీదుందో రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తు అది. ఇవాళ అదే మనవడికి తాత ఒంటి గురించి మిగిలిన ఒకే ఒక్క వివరం. ఇన్ని గడుల్లో ఒక్కటి మాత్రం లేదు: ఇంటిపేరు. మన వైపు మనిషిని గుర్తుపట్టే మొదటి ఆనవాలు ఇంటిపేరే. గుమాస్తాకు దానితో పని లేదు. అతని గడి పేరుకూ తండ్రి పేరుకూ మాత్రమే.

మొదటిసారి వెతికేవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. దక్షిణాఫ్రికాలో ఇవాళ ఒక కుటుంబం చివరి పేరు నాయుడు, రెడ్డి, అప్పల్‌సామి, సింహాద్రి ఇలా ఏదైనా కావచ్చు. చాలా సందర్భాల్లో ఆ చివరి పేరు వలస వచ్చిన తాత సొంత పేరో, అతని తండ్రి పేరో, కులానికి గౌరవంగా తగిలించిన బిరుదో అయి ఉంటుంది. అది ఏ తరంలో చివరి పేరుగా కుదురుకుందో తెలియకుండా ఓడ జాబితాలో వెతికితే వేలమంది రావచ్చు, ఒక్కరూ రాకపోవచ్చు. కుటుంబంలోని పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు ఒక్కొక్కటీ వెనక్కి చదువుతూ పోతే ఏదో ఒక దాని మీద కలోనియల్ నంబరు కనిపిస్తుంది. నంబరు దొరికాక పేరుతో పని లేదు. మారిషస్‌లో కూడా సివిల్ రికార్డుల మీద వలస నంబరు కనిపించడం కద్దు. మొదట పేరుతో వెతికి ఓడిన జాబితా దగ్గరికి నంబరుతో మళ్లీ వెళ్లడమే ఈ పనిలో అన్నిటికంటే గట్టి అడుగు.

నంబరు దొరకనివాళ్లకు స్పెల్లింగుతో కుస్తీ తప్పదు. సింహాచలం అన్న పేరును తీసుకోండి. ఉత్తరాంధ్రలో ఆ దేవుడి పేరు లేని వీధి ఉండదు. తెలుగు రాని గుమాస్తా చెవికి అది సిమాచలం అనో, సించలం అనో వినిపించి ఉంటుంది. అతను రాసిన గొలుసుకట్టు ఇంగ్లీషు అక్షరాలను తర్వాత ఎన్నో దశాబ్దాలకు మరొకరు చదివి కంప్యూటరుకెక్కించారు. ఎన్ అక్షరం యూ అయింది, ఏ అక్షరం ఓ అయింది. అంటే మన ముందున్నది రెండు చెవులు, రెండు కళ్లు మారి వచ్చిన పేరు. మన 'ళ', 'ణ', 'ఱ'లకు ఇంగ్లీషులో వేరే అక్షరాలు లేవు. ఒత్తులు ఎగిరిపోతాయి. 'గాడు' అని పిలుపులో చేరే ముక్క పేరులో భాగమై కూర్చుంటుంది. మారిషస్‌లో ఫ్రెంచి పద్ధతి చేరి వెంకటస్వామికి 'కె' బదులు 'సి' వచ్చింది. నాయుడు చివర రెండు 'ఓ'లు చేరాయి. ఒక పేరుకు రాయగలిగిన రూపాలన్నీ కాగితం మీద ముందే రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టి చూసి, చూసినదాని పక్కన టిక్కు పెట్టుకునేవాళ్లకే ఫలితం వస్తుంది. మొదటి మూడక్షరాలు మాత్రమే ఇచ్చి మిగతాది వదిలేయడం మంచి ఉపాయం. పేరు అసలు వదిలేసి ఊరు, వయసు, ఓడ వచ్చిన ఏడాది పెట్టి వెతకడం ఇంకా మంచిది.

సూచిక వేరు, అసలు పుట వేరు. మనకు తెర మీద కనిపించే వరుస ఒకరు చదివి ఎక్కించిన ముక్క. చిత్రం అందుబాటులో ఉంటే అది తెరిచి చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. చిత్రం తెరిచాక కూడా చాలామంది తమ తాత వరుస ఒక్కటే చూసి సంతోషంగా మూసేస్తారు. ఆ పుటకు మళ్లీ వెళ్లాలి. పై పది వరుసలు, కింది పది వరుసలు చదవాలి. ఓడెక్కే ముందు ఉంచే డిపోలో ఒకే ఊరివాళ్లు, ఒకే తాలూకావాళ్లు కలిసి వచ్చేవాళ్లు. పేర్లు కూడా పక్కపక్కనే పడేవి. తాత వరుసలో ఊరి పేరు అలుక్కుపోయి ఉంటే, రెండు వరుసల కింద అదే ఊరు స్పష్టంగా ఉండవచ్చు. ఇద్దరు మనుషులకు తండ్రి పేరు ఒకటే అయితే వాళ్లు అన్నదమ్ములేమో చూడాలి. తర్వాత పాతికేళ్లకు వియ్యమందుకున్న కుటుంబం అదే ఓడలో, నాలుగు నంబర్ల దూరంలో ప్రయాణించి ఉండవచ్చు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేర్లు మనకు పరాయివి. కుటుంబం గురించి కొంత తెలిశాక చదివితే వాటిలో చుట్టాలు కనిపిస్తారు.

ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్లలో ఉండే వంశవృక్షాల్లో మగపిల్లల పేర్లే కొమ్మలు. కోడళ్లు, కూతుళ్లు పేరు లేకుండానే పోయారు. ఓడ జాబితాలో ప్రతి స్త్రీకీ సొంత వరుస ఉంది, సొంత నంబరు ఉంది, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లుండాలని అప్పటి నియమం. అందుకని ఒంటరిగా వచ్చిన స్త్రీలు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన వితంతువులు కూడా జాబితాల్లో ఉన్నారు. తాత కోసం వెతికి విసిగిపోయినవాళ్లు అవ్వ కోసం వెతకాలి. నూకాలమ్మ, పైడితల్లి, గంగమ్మ వంటి పేర్లు ఏ తీరం నుంచి, ఏ అమ్మవారి నీడ నుంచి వచ్చాయో చెప్పేస్తాయి. తండ్రుల దారిలో ఆగిపోయిన కథ తల్లుల దారిలో ఊరిదాకా వెళ్లవచ్చు.

ఊరిదాకా వెళ్లాక మళ్లీ ఒక చిక్కు. జాబితాలో జిల్లా గడిలో "గంజాం" అని ఉంటే డర్బన్‌లోని మనవడు ఒడిశా పటం తెరుస్తాడు. నిజానికి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇవాళ్టి శ్రీకాకుళం పట్టణం, అంటే నాటి చికాకోల్, గంజాం జిల్లాలోనే ఉంది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా అంతే. ఒరిస్సా విడిపోయినప్పుడు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. "నార్త్ ఆర్కాట్" అని ఉంటే వెంటనే తమిళనాడు అనుకుంటారు. 1911 వరకు చిత్తూరు ఆ జిల్లా కేంద్రం. ఆ ఏడాదే కడప, నార్త్ ఆర్కాట్‌ల నుంచి తాలూకాలు తీసి చిత్తూరు జిల్లా చేశారు. అందుకని నార్త్ ఆర్కాట్ అని రాసి ఉన్న మనిషి చంద్రగిరి పక్కన తెలుగు పల్లెవాడు కావచ్చు. కృష్ణా జిల్లా నుంచి 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి విడిపోయాయి. ప్రకాశం 1970లో పుట్టింది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నాటి పాసు మీది జిల్లా పేరుతో నేటి పటంలో వెతికితే ఊరు లేనట్టే కనిపిస్తుంది. ఊరు ఉంది, జిల్లా జరిగిపోయింది. జనగణన శాఖవారి పాత గ్రామాల పట్టికలు, మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా మాన్యువళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టుకుని మళ్లీ జాబితా చదివితే గుమాస్తా రాసిన గజిబిజి పేరు వెనక ఉన్న అసలు ఊరు పట్టుబడుతుంది. చివర పేట, వలస, పాడు, పల్లి, పూడి ఏదైనా సరే ఇంగ్లీషు రాతలో అరిగిపోతుంది కాబట్టి ఊరి పేరు మొదటి సగం మీద ఎక్కువ నమ్మకం పెట్టాలి.

ఇప్పటిదాకా చెప్పింది వెతికే మనిషి మారడం గురించి. రికార్డు వైపు మార్పులు ఇంకా వేగంగా జరుగుతున్నాయి. అమెరికాలోని యూటాలో 1938 నుంచి ప్రపంచ దేశాల రికార్డులను మైక్రోఫిల్మ్ తీస్తూ వచ్చిన ఫ్యామిలీసెర్చ్ సంస్థ దగ్గర 24 లక్షల చుట్టల ఫిల్మ్ పోగైంది. దాన్నంతా డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. హరిద్వార్ వంటి క్షేత్రాల్లో పండాలు రాసిన వంశావళి పుస్తకాల (బహీల) చిత్రాలు కూడా ఆ సంస్థ దగ్గరున్నాయి. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, చిత్రం ఉన్నంత మాత్రాన సూచిక ఉన్నట్టు లెక్క కాదు. పేరు కొట్టి వెతికితే రాని రికార్డు పుటలు తిప్పితే కనిపిస్తుంది. 2024లో ఆ సంస్థ చేతిరాతను యంత్రం చేత చదివించి, పుటలోని ప్రతి మాటనూ వెతికే సదుపాయం తెచ్చింది. అమెరికా భూమి, వీలునామా రికార్డులతో, మెక్సికో నోటరీ రికార్డులతో మొదలైన ఆ పని ఇతర దేశాలకూ విస్తరిస్తోంది. సాక్షిగా సంతకం పెట్టినవాడు, పొలం హద్దులో పేర్కొన్న పక్క రైతు పాత సూచికల్లో ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు వాళ్లు కూడా బయటపడతారు. 2022 ఏప్రిల్ 1న అమెరికా 1950 జనగణన పుటలు విడుదలైనప్పుడు మొదటి సూచికను యంత్రమే చదివింది. తర్వాత స్వచ్ఛంద కార్యకర్తలు దిద్దుతూ పోయారు. మొదటి రోజు వెతికి వెళ్లిపోయినవాళ్లకు దొరకని పేర్లు ఆ దిద్దుబాటు తర్వాత వచ్చాయి.

అచ్చు పుస్తకాల సంగతి కూడా ఇంతే. అమెరికా చట్టం ప్రకారం ప్రచురణ జరిగి 95 ఏళ్లు నిండిన పుస్తకాలు ఏటా జనవరి 1న హక్కుల నుంచి బయటికి వస్తాయి. హాతీ ట్రస్ట్ వంటి డిజిటల్ గ్రంథాలయాల్లో నిరుడు తెరుచుకోని సంపుటం ఈ జనవరిలో తెరుచుకుంటుంది. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, తెలుగు నేలపై పనిచేసిన మిషనరీల నివేదికలు, పత్రికలు చాలావరకు అమెరికా, బ్రిటన్ గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. లండన్ మిషన్ 1805లో విశాఖ చేరింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ఆ మిషన్ చరిత్ర చెబుతుంది. ఆ జనంలో ఎక్కువమంది భూమి లేని దళిత కుటుంబాలవాళ్లు. వాళ్ల పేర్లు ఏ అడంగల్లోనూ లేవు, ఏ ఇనాం రిజిస్టరులోనూ లేవు. చర్చి రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు, మిషన్ ఉత్తరాలే వాళ్ల వంశచరిత్రకు ఆధారం. కుటుంబ చరిత్ర అంటే భూమి ఉన్నవాళ్ల ముచ్చట అనే అభిప్రాయం పోవాలంటే ఈ సంపుటాలను శ్రద్ధగా, పదే పదే చూడాలి. యంత్రం చదివిన అక్షరాల్లో తప్పులు చాలా ఉంటాయి. అందుకని మనిషి పేరు రాకపోతే ఊరి పేరుతో, ఊరి పేరు రాకపోతే ఆ ప్రాంతంలో పనిచేసిన మిషనరీ పేరుతో వెతకాలి.

మన దేశంలో ఇళ్లవారీగా పేర్లున్న పాత జనగణన పుటలు ఎందుకు లేవని విదేశాల్లో ఉన్న మనవాళ్లు తరచు అడుగుతుంటారు. ఇక్కడ జనగణనకు కావలసింది మొత్తాలు. పట్టికలు వేశాక ఆ చీటీలను చూసేందుకు దాచలేదు. 1948 చట్టం వ్యక్తుల వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. ఆ లోటును తీర్చేది భూమి. ఆంధ్ర ప్రాంతంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఇనాం రికార్డులు, అడంగల్, 1-బి, తెలంగాణలో సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ కుటుంబ చరిత్రకు వెన్నెముక. తాత తండ్రి పేరు, పాళ్లు, పట్టా ఎవరి పేర మారింది అన్న వివరాలన్నీ అక్కడ ఉంటాయి. వాటిలో కొంత భాగమే ఆన్‌లైన్‌కు వచ్చింది. ఆ వచ్చినది కూడా చేతులు మారుతూ ఉంది. తెలంగాణలో మా భూమి తర్వాత 2020లో ధరణి, 2025లో భూ భారతి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. తాత కాగితంలోని సర్వే నంబరుతో ఇవాళ వెతికితే ఏమీ రాకపోవచ్చు. ఆన్‌లైన్ ఈసీలు (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రాలు) సాధారణంగా 1983 నుంచే మొదలవుతాయి. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అర్జీ పెట్టుకోవాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఎన్నో ఊళ్ల లెక్కలు సర్కారు చేతికి సరిగా అందలేదు. కొన్ని ఇంకా అటకల మీదే ఉన్నాయి. ఊళ్లో పాత కరణం ఇంటివాళ్లతో మర్యాదగా మాట్లాడటం ఏ పోర్టల్ కన్నా ఎక్కువ ఫలితమిచ్చిన సందర్భాలు ఉన్నాయి.

సైటు శాశ్వతం అనుకుని నమ్ముకోవడం ప్రమాదం. లక్షల పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కాపీరైటు వివాదాలతో మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి మన పాత తెలుగు పుస్తకాలు, వంశ చరిత్రలు, స్థల చరిత్రలు దక్కాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి స్తంభించాయి. ఇండియా ఆఫీసు రికార్డులున్నది అక్కడే. మరుసటి ఏడాది ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద కూడా దాడి జరిగింది. కాబట్టి దొరికిన పుటను ఆ రోజే దించుకుని, ఇంట్లో ఒకచోటా బయట ఒకచోటా దాచుకోవాలి. లింకు ఒక్కటే రాసుకుంటే అయిదేళ్లకు అది ఖాళీ పేజీకి తీసుకెళ్తుంది. ఏ ఆర్కైవ్స్, ఏ రిజిస్టరు, ఏ సంపుటం, ఏ పుట, ఏ ఫిల్ము నంబరు అన్నది రాసుకుంటే సైటు మారినా కాగితం దొరుకుతుంది.

దొరకనివి కూడా రాసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే, అయినా తప్పదు. ఏ తేదీన, ఏ సైటులో, ఏ స్పెల్లింగుతో, ఏ సంవత్సరాల మధ్య వెతికితే ఏమీ రాలేదో ఒక నోటుపుస్తకంలో ఉంటే, రెండేళ్ల తర్వాత చేసిన పనే చేయకుండా కొత్త చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. అప్పటి సూచికలో లేని ఏ భాగాన్ని తర్వాత చేర్చారో కూడా పోల్చి చూడవచ్చు. కుటుంబంలో తర్వాతి తరం ఈ పని అందుకున్నప్పుడు ఆ నోటుపుస్తకం వాళ్లకు దొరికిన రికార్డుల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాల మీద నాకు పెద్దగా గురి లేదు. ఒకరు తప్పు పెడితే పదిమంది దాన్ని నకలు చేస్తారు. పదిచోట్ల కనిపించింది కాబట్టి నిజమనుకుంటారు. ఆధారం చూపని కొమ్మను సూచనగా తీసుకోవచ్చు, సాక్ష్యంగా తీసుకోకూడదు. డీఎన్ఏ పరీక్షలదీ అదే మాట. మేనరికాలు తరతరాలుగా నడిచిన కుటుంబాల్లో ఇద్దరి మధ్య పంచుకున్న డీఎన్ఏ అసలు వరస కంటే దగ్గరి చుట్టరికాన్ని చూపిస్తుంది. కాగితం తోడు లేకుండా ఆ అంకె మీద ఆధారపడలేం.

కులం గడి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డిపోలో గుమాస్తా అడిగిన ప్రశ్నకు వలసదారు ఏం చెప్పాడో, గుమాస్తా తనకు తెలిసిన ఏ పేరు కింద దాన్ని సర్దాడో మనకు తెలియదు. కొత్త దేశంలో పాత బరువు దించుకోవాలనుకున్నవాళ్లు వేరే మాట చెప్పి ఉండవచ్చు. ఆ గడిలోని మాటను పట్టుకుని ఇవాళ ఒక కుటుంబానికి ముద్ర వేయడం ఆ మనుషులకు అన్యాయం. ఆ గడిని ఊరు, తాలూకా, పక్క వరుసలతో కలిపి చదివితే ఊరిని వెతకడానికి పనికొస్తుంది. అంతవరకే దాని ఉపయోగం. బతికి ఉన్నవాళ్ల వివరాలను అడగకుండా నెట్‌లో పెట్టడం కూడా ఇలాంటి తప్పే.

ఈ రికార్డుల అవసరం మమకారంతో ఆగిపోలేదు. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ పర్యటనలో, అక్కడి భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు అర్హతను ప్రకటించారు. ఏడో తరం మనవడు తన మూలం చూపాలంటే ఓడ దిగిన మనిషి దాకా ప్రతి మెట్టుకూ కాగితం కావాలి. ఒక్క మెట్టు దగ్గర పేరు స్పెల్లింగు తేడా వచ్చినా అర్జీ ఆగిపోవచ్చు. నిరుడు ఉబుసుపోకకు వెతికి వదిలేసిన రికార్డు ఇవాళ అర్జీకి జతపరచాల్సిన పత్రమైంది.

ఇన్నేళ్లుగా ఈ జాబితాలను మనిషి పేరు చుట్టూనే అమర్చారు. అటు దేశాల వారసులకు అది సరిపోతుంది. ఇటు పల్లెల్లో ఉన్నవాళ్లకు కావలసింది ఊరివారీ సూచిక. పాతపట్నం తాలూకా నుంచి ఎవరెవరు పోయారు, చీపురుపల్లి నుంచి ఎవరు పోయారు అని ఒక ఊరి జనం తమ ఊరి వరుసలన్నీ ఒకచోట చూడగలగాలి. గుమాస్తా రాతలోని ఊరి పేరును సరైన తెలుగు పేరుకు కలపడం డర్బన్‌లో కూర్చున్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. శివారు పల్లెల పేర్లు, పాడైపోయిన పాత ఊళ్ల పేర్లు, వాడుకలో ఒకటి రికార్డులో ఒకటిగా ఉన్న పేర్లు ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకే తెలుస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, చిత్తూరు కాలేజీల చరిత్ర విద్యార్థులు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు, బడిపంతుళ్లు ఒక్కో తాలూకా పంచుకుంటే ఈ పని జరుగుతుంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నార్త్ ఆర్కాట్ వరుసలతో మొదలుపెట్టవచ్చు. అందుకు కావలసిన ఓడ జాబితా, పాత గ్రామాల పట్టిక రెండూ ఇప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నాయి.